తెర నల్లబడితే మానిటర్ పోయినట్టేనా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ మానిటర్ల గురించే ఉన్నాయి. దుకాణానికి తీసుకెళ్తే విప్పి చూడకుండానే "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారని చాలామంది బాధపడుతూ రాశారు. ప్యానెల్ నిజంగానే పాడైన మానిటర్లు ఉంటాయి. అయితే అటక ఎక్కిన మానిటర్లలో అనేకం కేబుల్ వల్లనో, అడాప్టర్ వల్లనో, విద్యుత్తును కొద్దిగా నిలవ ఉంచే, కొద్ది రూపాయలకు దొరికే కెపాసిటర్ వల్లనో ఆగిపోయినవే. లోపం ఎక్కడుందో తేల్చుకున్న తరువాతే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి, డబ్బు ఖర్చు పెట్టే విషయం కూడా అప్పుడే ఆలోచించాలి. కింది జవాబులన్నీ ఈ క్రమాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ప్రశ్న: మా ఇంట్లో 19 అంగుళాల పాత ఎల్‌సీడీ మానిటర్ ఉంది. స్విచ్ వేయగానే బొమ్మ చక్కగా వస్తుంది, రెండు సెకన్లలో తెర నల్లబడిపోతుంది. బటన్ దగ్గరి దీపం మాత్రం పచ్చగానే వెలుగుతూ ఉంటుంది. కొన్ని వారాలుగా ఐదారుసార్లు ఆపి వేస్తే గాని నిలబడేది కాదు, ఇప్పుడు అసలు నిలబడడం లేదు. ప్యానెల్ పోయిందని చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ప్యానెల్ పోయి ఉండదని నా అభిప్రాయం. దీనిని మీరే ఇంట్లో పరీక్షించి చూడవచ్చు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపి ఆన్ చేయండి. తెర నల్లబడిన తరువాత టార్చిలైటును తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టి, ఐకాన్లు ఉండే ఎడమవైపు మూలను నిదానంగా పరిశీలించండి. ఐకాన్ల ఆకారాలు, కింది పట్టీలోని గడియారం అంకెలు మసకగానైనా కనిపిస్తే ప్యానెల్ బొమ్మను గీస్తూనే ఉందని, దాని వెనుక వెలగవలసిన బ్యాక్‌లైట్ మాత్రమే ఆరిపోయిందని అర్థం. ఎల్‌సీడీ ప్యానెల్‌కు సొంత వెలుగు ఉండదు. వెనుక నుంచి వచ్చే వెలుతురును అడ్డుకోవడం, వదలడం మాత్రమే అది చేసే పని.

పాత ఎల్‌సీడీ మానిటర్లలో బ్యాక్‌లైట్ కోసం తెర పైఅంచున, కింది అంచున సన్నని ట్యూబులైట్లు ఉంటాయి. వాటిని వెలిగించడానికి వందల వోల్టులు, తొలి క్షణంలో అంతకన్నా ఎక్కువ కావాలి. ఆ వోల్టేజిని తయారుచేసే భాగాన్నే ఇన్వర్టర్ అంటారు. కరెంటు పోయినప్పుడు ఇంట్లో వాడే ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. ట్యూబుల్లో ఏ ఒక్కటి సరిగా వెలగకపోయినా, ఇన్వర్టర్‌కు అందే విద్యుత్తు నిలకడగా లేకపోయినా, రక్షణ కోసం ఏర్పాటు చేసిన సర్క్యూట్ ఒకటి రెండు సెకన్లు చూసి మొత్తం బ్యాక్‌లైట్‌ను ఆపేస్తుంది. మీకు కనిపిస్తున్న రెండు సెకన్ల బొమ్మకు కారణం ఇదే.

ఇక తేల్చుకోవలసింది ట్యూబు అరిగిపోయిందా, విద్యుత్తును అందించే బోర్డులో లోపం వచ్చిందా అన్నది. ఆగిపోవడానికి ముందు కొన్ని నెలలపాటు తెర ఆన్ చేయగానే గులాబీ లేదా ఎర్రటి ఛాయతో వెలిగి, క్రమంగా తెల్లబడుతూ ఉండేదైతే ట్యూబులను అనుమానించాలి. అలాంటి ఛాయ ఏమీ లేకుండా, మీరు చెప్పినట్టు ఐదారుసార్లు స్విచ్ వేస్తే గాని నిలబడని పరిస్థితి రోజురోజుకూ ముదిరి ఉంటే కెపాసిటర్లను అనుమానించాలి. మీ ఉత్తరం రెండో దానివైపే మొగ్గుతోంది. పైగా 2000 తరువాతి కొన్నేళ్లలో తయారైన మానిటర్లలోనూ, మదర్‌బోర్డులలోనూ నాసిరకం ద్రవంతో నింపిన కెపాసిటర్లు ప్రపంచమంతటా పెద్ద సంఖ్యలో చెడిపోయాయి. ఆ కాలపు మానిటర్ అయితే అనుమానం మరింత బలపడుతుంది.

విప్పేముందు ఒక హెచ్చరిక చేయాలి. ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు, ప్రాణానికి సంబంధించినది. మన ఇళ్లలోని 230 వోల్టుల విద్యుత్తు పవర్ బోర్డులోకి వెళ్లగానే డీసీగా మారి, 400 లేదా 450 వోల్టులని రాసి ఉండే ఒక పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల వద్ద నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ నిలవ కొంతసేపు ఉండవచ్చు. అందువల్ల ప్లగ్గు తీసి కనీసం అరగంట ఆగాలి. విప్పిన తరువాత బోర్డును అంచులు పట్టుకునే కదపాలి. మల్టీమీటర్‌ను డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టి ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఎంత చూపుతోందో కొలవాలి. ఇంకా వోల్టేజి కనిపిస్తే 2.2 కిలో ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఆ కాళ్లకు కొన్ని సెకన్లు ఆనించి, మళ్లీ కొలిచి, సున్నాకు వచ్చిందని నిర్ధారించుకోవాలి. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి నిప్పురవ్వ తెప్పించే పద్ధతిని దయచేసి అనుసరించవద్దు. మల్టీమీటర్ పట్టుకోవడం అలవాటు లేనివారు ఈ పనిని తెలిసినవారికి అప్పగించడం మంచిది.

మానిటర్‌ను మెత్తని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, స్టాండు తీసి, వెనుక స్క్రూలు విప్పండి. చుట్టూ ఉన్న ఫ్రేము లోపలి నుంచి క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. లోహపు పనిముట్లు గీతలు పెడతాయి కాబట్టి గడువు తీరిన ఏటీఎం కార్డును సందులో దూర్చి ఒక్కో క్లిప్పును వదులు చేసుకుంటూ రావాలి. బటన్ల బోర్డుకు సన్నని రిబ్బను కేబుల్ ఉంటుంది గనుక ఫ్రేమును ఒక్కసారిగా లాగవద్దు. బ్యాక్‌లైట్ వైర్లను వైరు పట్టుకుని కాకుండా కనెక్టరును పట్టుకుని తీయాలి. ప్రతి దశలోనూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడబాటు ఉండదు.

లోపలి రేకు తీస్తే రెండు బోర్డులు కనిపిస్తాయి. కరెంటు వైరు వచ్చి కలిసేది పవర్ బోర్డు. దాని మీద నిలువుగా నిలబడిన చిన్న చిన్న డబ్బాల వంటి కెపాసిటర్ల తలలను పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టుకుని చూడండి. ప్రతి తల మీదా ప్లస్ గుర్తు లాగానో, ఇంగ్లీషు 'కె' అక్షరం లాగానో ఒక గాడి ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు పేలకుండా తెరుచుకోవడానికి దానిని అక్కడ పెడతారు. మంచి కెపాసిటర్ తల చదునుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చెడిపోయిన దాని తల పూరీలా ఉబ్బి ఉంటుంది, గాడి వెంట గోధుమరంగు మరక గాని, ఎండిన జిగురు వంటి పదార్థం గాని కనిపించవచ్చు. చదునుగా ఉన్నంత మాత్రాన మంచిదని చెప్పలేం కాబట్టి, ఒకటి ఉబ్బి ఉంటే అదే వరుసలోని మిగిలినవాటిని కూడా మార్చడమే నేను సిఫారసు చేసేది.

కొత్తవి కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ల (µF, కెపాసిటర్ సామర్థ్యం) అంకె కచ్చితంగా అదే ఉండాలి. వోల్టుల అంకె అదే గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉండవచ్చు. 16 వోల్టుల స్థానంలో 25 వోల్టులది పెట్టవచ్చు, 25 స్థానంలో 16 వోల్టులది ఎంతమాత్రం పెట్టకూడదు. ఉష్ణోగ్రత 105 డిగ్రీలని రాసి ఉన్నవి, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకానివి అడిగి తీసుకోండి. చవకగా వస్తాయని 85 డిగ్రీల మామూలు రకం వేస్తే కొద్ది నెలలకే మళ్లీ ఇదే సమస్య ఎదురుకావచ్చు. దుకాణంలో కండెన్సర్ అని అడిగినా ఇస్తారు. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇవి సులువుగా దొరుకుతాయి. ఇతర ఊళ్లలో టీవీలు బాగుచేసే మెకానిక్‌ను అడిగితే ఎక్కడ దొరికేదీ చెబుతారు.

కెపాసిటర్ పక్కన నిలువుగా ఉండే చార నెగటివ్ కాలును సూచిస్తుంది. బోర్డు మీద ముద్రించిన గుర్తులు అన్ని తయారీలలోనూ ఒకేలా ఉండవు. అందువల్ల వాటిని నమ్ముకోకుండా, పాతదాన్ని తీసేముందే దాని చార ఎటువైపు ఉందో ఫొటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే కెపాసిటర్ పేలుతుంది. సోల్డరింగ్ ఐరన్ 25 నుంచి 40 వాట్ల మధ్యది సరిపోతుంది. కాళ్లను బోర్డుకు అతికించిన పాత లెడ్ (సోల్డర్) మీద కొంచెం కొత్త లెడ్ కరిగిస్తే అది త్వరగా వదులుతుంది, అప్పుడు పంపుతో పీల్చేసి కాళ్లను సున్నితంగా బయటికి తీయవచ్చు. ఇదే మీ మొదటి సోల్డరింగ్ అయితే పనికిరాని పాత రేడియో బోర్డు మీద ఒక సాయంత్రం చేతిని అలవాటు చేసుకున్న తరువాతే మానిటర్ బోర్డును ముట్టుకోండి. అంతా తిరిగి బిగించాకే స్విచ్ వేయాలి. మూత తీసి ఉంచి "ఒకసారి చూద్దాం" అనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు.

కెపాసిటర్ ఎంతకాలం మన్నుతుందనేది ప్రధానంగా వేడి మీద ఆధారపడి ఉంటుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీల వేడి తగ్గినప్పుడల్లా దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని లెక్కిస్తారు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో గది ఎంత కాగుతుందో తెలిసినవారు మానిటర్ వెనుక గాలి రంధ్రాలను గోడకు ఆనించకుండా, మీద గుడ్డ కప్పి పని చేయకుండా చూసుకుంటే చాలు.

మీ మానిటర్ ట్యూబులది కాక ఎల్ఈడీ బ్యాక్‌లైట్‌ది అయి ఉంటే, టార్చిలైటు పరీక్షలో బొమ్మ కనిపించినప్పుడు ఒకే వరుసలో కలిపిన ఎల్ఈడీలలో ఒకటి తెగిపోయి వరుసంతా ఆరిపోయి ఉండవచ్చు. దాన్ని సరిచేయాలంటే ప్యానెల్ పొరలను విడదీయాలి. ఇంట్లోని దుమ్ములో ఆ పని చేయడం మంచిది కాదు.

ప్రశ్న: పిడుగులు పడిన రాత్రి తరువాత మా మానిటర్ దీపం కూడా వెలగడం లేదు. దీనికి ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టే బయట అడాప్టర్ ఉంటుంది. బోర్డు మాడిపోయి ఉంటుందా?
— ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: బయట అడాప్టర్ ఉండడం మీకు మేలే, ఎందుకంటే ప్రమాదకరమైన వోల్టేజి ఆ డబ్బాలోనే ఆగిపోతుంది. ముందుగా అదే స్విచ్‌బోర్డులో ఫోను ఛార్జర్ పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఆ తరువాత అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసిన దగ్గర 12, 14 లేదా 19 వోల్టులని ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోండి. మల్టీమీటర్ ఎర్రవైరును 10 ఆంపియర్ల రంధ్రంలో కాకుండా వోల్టుల రంధ్రంలో పెట్టి, డీసీ 20 రేంజిలో, పిన్ను లోపలి భాగానికీ బయటి గొట్టానికీ మధ్య కొలవండి. ఏమీ చూపకపోతే అడాప్టర్ పోయినట్టే, మానిటర్ క్షేమంగా ఉండే అవకాశం బాగా ఉంది.

కొన్నిసార్లు విడిగా కొలిచినప్పుడు సరైన వోల్టేజి చూపించే అడాప్టర్ కూడా మానిటర్‌కు తగిలించగానే చతికిలబడుతుంది. అప్పుడు దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. తెలిసినవారి దగ్గర అదే వోల్టేజి అడాప్టర్ తెచ్చి పెట్టి చూడడం ఒక్కటే దానికి నమ్మకమైన పరీక్ష. కొత్తదానికి వోల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గాని అంతకు మించి గాని ఉండాలి. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది సూచించే చిన్న బొమ్మ రెండింటి మీదా ఒకేలా ఉందో లేదో తప్పక చూడండి.

పవర్ బోర్డు లోపలే ఉన్న మానిటర్లకు ఇదే పరిస్థితి వస్తే చాలామంది ఫ్యూజు మార్చి చూస్తారు. గాజు ఫ్యూజు లోపలంతా నల్లగా మాడి ఉంటే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉందనే అర్థం, కొత్త ఫ్యూజు వేసినా మరుక్షణం పోతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. అలాంటప్పుడు బోర్డును విడిగా తీసి, దాని మీద ముద్రించిన నంబరు రాసుకుని, అదే నంబరు పాత బోర్డు కోసం వెతకడం తేలిక. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల అలాంటివి విచారించవచ్చు.

ప్రశ్న: మానిటర్ జరిపి పెట్టినప్పటి నుంచి తెరంతా పసుపుపచ్చగా మారింది. తెల్లని పేజీ కూడా పసుపే. రంగుల సెట్టింగులు ఎంత మార్చినా లాభం లేదు.
— ఒక ఉపాధ్యాయిని, నిజామాబాద్

జవాబు: కంప్యూటర్‌లో తెరను పసుపు ఛాయలోకి మార్చే నైట్ లైట్ సెట్టింగు ఆన్ అయి లేదని ముందుగా చూసుకోండి. అది కాకపోతే మీ వీజీఏ కేబుల్‌లో (పిన్నులు ఉండే పాతరకం మానిటర్ కేబుల్) నీలం రంగును మోసే పిన్ను తాకడం లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేర్వేరు పిన్నుల మీద వస్తాయి. నీలం ఆగిపోతే మిగిలిన రెండూ కలిసి పసుపు అవుతుంది, ఆకుపచ్చ ఆగితే తెర గులాబీ-ఊదా రంగులోకి, ఎరుపు ఆగితే నీలి-ఆకుపచ్చలోకి మారుతుంది.

కేబుల్ రెండు చివర్లనూ విప్పి చూడండి. మూడు వరుసల్లో ఐదేసి పిన్నులు ఉంటాయి. మధ్య వరుసలో ఒకటి మొదటి నుంచీ లేకపోవడం చాలా కేబుళ్లలో మామూలే, దాన్ని చూసి విరిగిపోయిందని కంగారుపడనక్కరలేదు. పై వరుసలో ఏదైనా వంగి ఉంటే, ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనను దాని మీదికి తొడిగి నెమ్మదిగా నిలబెట్టండి. వంగిన పిన్ను ఏదీ లేకపోతే లోపల తీగ తెగి ఉంటుంది, కేబుల్ మార్చండి.

ప్రశ్న: కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టించాక మానిటర్ "నో సిగ్నల్" అంటోంది. ఒకసారి వచ్చినా "అవుట్ ఆఫ్ రేంజ్" అని చూపించి ఆగిపోయింది. మానిటర్ మార్చాలా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మానిటర్ తన సందేశాన్ని తనే తెర మీద చూపించగలుగుతోందంటే ప్యానెల్, బ్యాక్‌లైట్, పవర్ బోర్డు మూడూ పనిచేస్తున్నాయని అర్థం. సమస్య సిగ్నల్‌లో ఉంది.

కార్డు పెట్టాక కేబుల్‌ను పాత అలవాటు ప్రకారం మదర్‌బోర్డు సాకెట్‌కే తగిలించారేమో చూడండి. సీపీయూ వెనుక కొంచెం కిందుగా, అడ్డంగా ఉండే కార్డు సాకెట్లకే అది వెళ్లాలి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ కూడా మీరు వాడే హెచ్‌డీఎంఐ లేదా వీజీఏకే మార్చి ఉండాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే కన్వర్టర్ వాడుతుంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా కలిపి చూడండి. అప్పటికీ రాకపోతే ర్యామును తీసి, బంగారు రంగు కొనలను మెత్తని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొడి పూర్తిగా దులిపి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. ర్యాము సరిగా కూర్చోకపోయినా మానిటర్‌కు సిగ్నల్ రాదు, నింద మాత్రం మానిటర్ మీద పడుతుంది.

రెండో సందేశం వేరు. మానిటర్ చూపగలిగిన దానికి మించిన రిజల్యూషన్‌ను గాని, రిఫ్రెష్ రేటును (సెకనుకు బొమ్మను ఎన్నిసార్లు గీయాలన్న అంకె) గాని కార్డు పంపుతోందని అది చెబుతోంది. సీపీయూను హెచ్‌డీఎంఐ ద్వారా ఇంట్లోని టీవీకి కలిపి, డిస్‌ప్లే సెట్టింగులలో 60 హెర్ట్జ్‌కు తగ్గించి, మీ మానిటర్ సహజ రిజల్యూషన్ ఎంచుకోండి. 22 అంగుళాల వాటిలో చాలావాటికి అది 1920×1080, పాత 19 అంగుళాల వెడల్పు మానిటర్లకు 1440×900 లేదా 1366×768. టీవీ లేకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మార్చవచ్చు.

ప్రశ్న: తెర మధ్యలో వెంట్రుకవాసి మందాన నిలువుగా ఒక ఆకుపచ్చ గీత వచ్చింది. ఇంట్లో సరిచేసుకోగలమా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోనుకు పంపి చూడండి. ఫోనులో కూడా గీత కనిపిస్తే తప్పు గ్రాఫిక్స్ కార్డుదో, దాని డ్రైవర్‌దో. ఫోనులో లేకుండా, మానిటర్ మెనూ తెరిచినప్పుడు దాని మీదుగా కూడా గీత సాగుతుంటే తప్పు ప్యానెల్‌ది. ప్యానెల్ అంచున చాలా సన్నని పట్టీలు ప్రత్యేకమైన జిగురుతో అతికించి ఉంటాయి. ఆ అతుకు ఒకచోట వదలడం వల్ల ఆ నిలువు వరుసకు సిగ్నల్ అందదు. దాన్ని తిరిగి అతికించడానికి వేడితో, కచ్చితమైన ఒత్తిడితో పనిచేసే యంత్రం కావాలి. ఫ్రేము కింద స్పాంజి ముక్క దూర్చి నొక్కి పెట్టే చిట్కా కొన్నాళ్లు పనిచేసినా, ఒక గీతను పది గీతలు చేసే ప్రమాదం ఉంది. కొత్త ప్యానెల్ ఖరీదు మానిటర్ ఖరీదుకు దగ్గరగా ఉంటుంది గనుక, గీతతో సర్దుకుని వాడగలిగినంత కాలం వాడమనే చెబుతాను.

ప్రశ్న: మానిటర్ వెనుక లోహపు భాగం గాని, హెచ్‌డీఎంఐ కేబుల్ కొన గాని తాకితే జివ్వుమంటోంది. మెకానిక్ చూసి మానిటర్ బాగానే ఉందన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, భయంగా ఉంది.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ఉత్తరాన్ని అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు, అంతమాత్రాన మీ భయం అనవసరమైనది కాదు. మానిటర్, సీపీయూ వంటి వాటి పవర్ సప్లైలో విద్యుత్తులోని రొదను ఎర్తుకు పంపడానికి ఫేజు, న్యూట్రల్‌ల నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్తు సక్రమంగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి వెళ్లిపోతుంది. ఎర్తు లేనప్పుడు లోహపు భాగం మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలబడి, మీరు తాకినప్పుడు మీ శరీరం గుండా దారి వెతుక్కుంటుంది. కరెంటు స్వల్పం కాబట్టి జివ్వుమంటుంది. కాని అదే ఇంట్లో వాషింగ్ మెషీనో గీజరో లోపల వైరు తెగి బాడీకి తగిలిన రోజున ఆ ఎర్తు లేకపోవడమే ప్రాణాంతకం అవుతుంది. మీ మానిటర్ ఇంటి వైరింగులోని లోపాన్ని ముందుగానే మీకు తెలియజేస్తోంది.

మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై రంధ్రం వెనుక వైరే లేకపోవడం నేను తరచుగా చూసే సంగతి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు కొలతలు తీయించండి. ఫేజు నుంచి న్యూట్రల్‌కు సుమారు 230 వోల్టులు, ఫేజు నుంచి ఎర్తుకు దాదాపు అంతే, న్యూట్రల్ నుంచి ఎర్తుకు రెండు మూడు వోల్టులలోపు ఉండాలి. ఫేజు నుంచి ఎర్తుకు బాగా తక్కువగా, లేదా నిలకడ లేకుండా చూపితే ఎర్తు పనిచేయడం లేదు. ఉప్పు, బొగ్గు వేసి తీసిన పాతకాలపు ఎర్తు గుంట మీ పెరట్లో ఉంటే, వేసవిలో అది ఎండిపోయి ఉండవచ్చు. అప్పుడప్పుడు నీళ్లు పోయించండి.

సాకెట్ వెనుక న్యూట్రల్‌నూ ఎర్తునూ తీగతో కలిపేసి "సరిపోయింది" అని చెప్పేవారు ఉంటారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయించవద్దు. తరువాత ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే మానిటర్ బాడీ మీదికి పూర్తి ఫేజు వస్తుంది. ఎర్తు సరిచేయించేవరకు మానిటర్, సీపీయూ ప్లగ్గులు రెండూ తీసిన తరువాతే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టడం, తీయడం చేయండి. ఎర్తు లేని ఇళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టులు మాడిపోవడానికి, ప్లగ్గులు ఉండగానే కేబుల్ పెట్టి తీయడం ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ తన మానిటర్ తెచ్చాడు. ఇక్కడ నేరుగా పెట్టవచ్చా, ట్రాన్స్‌ఫార్మర్ కావాలా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: వెనుక లేబుల్ మీద, లేదా అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నేరుగా పెట్టవచ్చు. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన కరెంటుకు తగిలించవద్దు. ప్లగ్గు మార్చడానికి దొరికే చిన్న రెండు పిన్నుల కన్వర్టర్లు ఎర్తును వదిలేస్తాయి. అందుకు బదులు, మానిటర్ వైపు కొన మన డెస్క్‌టాప్ కంప్యూటర్ల పవర్ కేబుల్ లాంటిదే అయితే, ఇక్కడి మూడు పిన్నుల కేబుల్ కొని వాడండి. పై ఉత్తరానికి ఇచ్చిన జవాబు కూడా చదవమని మనవి.

ప్రశ్న: వానలు మొదలయ్యాక మానిటర్ తెర లోపల చిన్న పురుగు ఒకటి తిరుగుతోంది. తెర తీసి శుభ్రం చేయవచ్చా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: తెర విప్పవద్దు, వేలితో నొక్కవద్దు. పురుగు వెలుతురు కోసం గాలి రంధ్రాల నుంచి దూరి, ప్యానెల్ పొరల మధ్యకు వెళ్లి ఉంటుంది. అక్కడ నలిగిపోతే శాశ్వతంగా నల్లటి మచ్చగా మిగులుతుంది. సాయంత్రం మానిటర్ ఆపేసి, గదిలో మిగిలిన దీపాలు ఆర్పి, తెర పక్కన ఒక టేబుల్ ల్యాంపు వెలిగించి ఉంచండి. చాలాసార్లు అది వచ్చిన దారినే బయటికి పోతుంది. ఇప్పటికే చనిపోయి ఉంటే, ప్లగ్గు తీసి, ఫ్రేము వెనుక భాగాన్ని వేళ్లతో మెల్లగా తడితే కింది అంచుకు జారిపోవచ్చు. పురుగుల మందు రంధ్రాల్లోకి కొట్టకండి, ఆ ద్రవం పొరల మధ్యకు దిగితే మచ్చ పురుగుకన్నా పెద్దదవుతుంది. తెర పైభాగం తుడవడానికి కొద్దిగా నీటితో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణాలు పనికిరావు. కోనసీమ వంటి తేమ ప్రాంతంలో వర్షాకాలమంతా రోజూ కొంతసేపైనా మానిటర్‌ను నడపడం బోర్డులకు మంచిది.

ప్రశ్న: అటక మీద పాత గాజు గొట్టం మానిటర్ ఉంది. దాన్ని విప్పి బాగుచేసుకుంటే పిల్లలకు ఉపయోగపడుతుందని ఆశ.
— ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీ ఆశను గౌరవిస్తూనే, వద్దని గట్టిగా చెప్పవలసి వస్తోంది. పిక్చర్ ట్యూబు నడవడానికి 20 వేల వోల్టులకు పైగా అవసరం. ట్యూబు తానే ఒక కెపాసిటర్‌లా ఆ వోల్టేజిని ప్లగ్గు తీసిన తరువాత కూడా దాచుకోగలదు. లోపల గాలి లేకుండా చేసిన ఆ గాజు పగిలితే ముక్కలు విసురుగా ఎగిరిపడతాయి. పైగా ఆ గాజులో సీసం ఉంటుంది. పాత ఎల్‌సీడీల బ్యాక్‌లైట్ ట్యూబుల్లో స్వల్పంగా పాదరసం కూడా ఉంటుంది కాబట్టి వాటినైనా, దీన్నైనా పగలగొట్టడం గాని, చెత్త బండిలో వేయడం గాని చేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇలాంటి వస్తువులు నమోదైన రీసైక్లర్లకు చేరాలి. మీ మున్సిపాలిటీలో ఈ-వ్యర్థాల సేకరణ ఎక్కడ జరుగుతుందో విచారించండి. తీసుకెళ్లేటప్పుడు ట్యూబు మెడ మీద బరువు పడకుండా, తెర కిందికి ఉండేలా దుప్పటిలో చుట్టి తీసుకెళ్లండి.